సర్వే వెళ్ళని జిల్లాలు: శ్రీలంక రక్షణ ఖర్చు, ఉగ్రవాదం, ఆదాయ అసమానతపై ఒక కేస్ స్టడీ

నేను ప్రభుత్వ ఖర్చుల లెక్కలు విశ్లేషించే పని చేస్తాను. శ్రీలంక మీద మా టీమ్‌కు ఒక దాత సంస్థ నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. రక్షణ బడ్జెట్ తగ్గిస్తే ఆదాయ అసమానత తగ్గుతుందా? ఇన్నేళ్ళ ఉగ్రవాదం వల్ల అసమానత ఎంత పెరిగింది? ఒక్కో ప్రశ్నకు ఒక్కో అంకె కావాలన్నారు. గడువు ఆరు వారాలు.

ఆ సమయంలో ఈ ప్రశ్నలు రావడం సహజమే. 1983 నుంచి 2009 దాకా ఆ దేశంలో ప్రభుత్వానికీ, ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈకీ మధ్య యుద్ధం నడిచింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. 2023 జనవరిలో, 2 లక్షలకు పైగా ఉన్న సైన్యం మంజూరు సంఖ్యను 2024 నాటికి 1,35,000కు, 2030 నాటికి 1,00,000కు తగ్గిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మిగిలే డబ్బుతో పేదల బతుకు బాగుపడుతుందని ఆశపడేవాళ్ళు ఒకవైపు, లక్ష మంది యువకులు ఇంటికొస్తే ఊళ్ళ పరిస్థితి ఏమిటని భయపడేవాళ్ళు ఇంకోవైపు ఉన్నారు. రెండూ న్యాయమైన ఆలోచనలే.

మా మొదటి డ్రాఫ్ట్ తప్పు. అంకె తప్పడం కాదు, అడగాల్సిన ప్రశ్నే మేం సరిగ్గా పట్టుకోలేదు. అది ఎలా జరిగిందో, దాన్ని ఎలా సరిదిద్దుకున్నామో పూర్తిగా రాస్తున్నాను. ఇదే ప్రశ్న మీద వేరే దేశాల డేటాతో కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేం పడిన గుంటలో వాళ్ళు పడకూడదు.

మొదటి డ్రాఫ్ట్

ఈ రంగంలో అందరూ చేసే పనే మేమూ చేశాం. మూడు సిరీస్‌లు, అంటే ఏళ్ళ వారీ అంకెల వరసలు, తీసుకున్నాం. సైనిక వ్యయానికి స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రీ డేటా, అంటే జీడీపీలో రక్షణ ఖర్చు శాతం. ఉగ్రవాదానికి మేరీల్యాండ్ యూనివర్సిటీలో నిర్వహించే గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ నుంచి ఏటా జరిగిన దాడుల సంఖ్య. అసమానతకు గినీ సూచిక. అందరికీ ఒకే ఆదాయం ఉంటే గినీ 0, మొత్తం ఆదాయం ఒక్కరి దగ్గరే ఉంటే 1. దేశాల మధ్య పోల్చడానికి వీలుగా ఏడాదికొక అంచనా ఇచ్చే ఒక అంతర్జాతీయ డేటాబేస్ నుంచి దీన్ని తీసుకున్నాం.

తలసరి ఆదాయం, ద్రవ్యోల్బణం కూడా చేర్చి ఏఆర్‌డీఎల్ అనే రిగ్రెషన్ మోడల్ (ఇలాంటి వరసల మధ్య సంబంధాన్ని లెక్కగట్టేది) నడిపాం. చిన్న టైమ్ సిరీస్‌లకు ఇది బాగా వాడుకలో ఉన్న పద్ధతి. ఫలితం చక్కగా వచ్చింది. రక్షణ ఖర్చు పెరిగితే గినీ పెరుగుతుంది, దాడులు పెరిగినా పెరుగుతుంది, రెండూ గణాంకపరంగా అర్థవంతమైనవే. చేయాల్సిన టెస్టులన్నీ పాసయ్యాయి. డ్రాఫ్ట్ రాయడం మొదలుపెట్టాం.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి గ్రాఫ్ చూస్తూ అడిగింది. “సార్, ఈ గినీ గీత ఇంత నున్నగా ఉందేంటి? సర్వే ఏటా జరగదు కదా?”

జరగదు. శ్రీలంక జనగణన, గణాంక శాఖ గృహ ఆదాయ వ్యయ సర్వేను కొన్నేళ్ళకొకసారి చేస్తుంది. 1990/91, 1995/96, 2002, 2006/07, 2009/10, 2012/13, 2016, 2019. ఎనిమిది. వాటికి ముందు సెంట్రల్ బ్యాంక్ చేసిన వినియోగదారుల ఆర్థిక సర్వేలు మరికొన్ని ఉన్నాయి. మా మోడల్‌లో ముప్పైకి పైగా ఏళ్ళ గినీ ఉంది. మధ్యలోని ఏళ్ళన్నీ అంచనాలే. రెండు సర్వేల మధ్య గీసిన గీతను మేం నిజమైన కొలత అనుకుని రిగ్రెషన్‌లో పెట్టాం.

ఇది చిన్న లోపం కాదు. రెండు బిందువుల మధ్య నున్నగా గీసిన సిరీస్ సహజంగానే తన గతాన్ని పట్టుకుని నడుస్తుంది. నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గే ఏ ఇతర సిరీస్‌ను పక్కన పెట్టినా రెండింటికీ దీర్ఘకాలిక బంధం ఉన్నట్టే కనబడుతుంది. యుద్ధం పెరిగి, సాగి, ముగిసింది. రక్షణ ఖర్చూ అలాగే నడిచింది. గినీ అంచనాకూ దాదాపు అదే ఆకారం. మా మోడల్ పట్టుకున్నది ఆ ఆకారాల పోలికనే. ఆ డేటాబేస్ తయారుచేసినవాళ్ళు ప్రతి అంచనాతో పాటు దాని అనిశ్చితిని కూడా ఇస్తారు. మేం ఆ కాలమ్ చూడకుండా మధ్య విలువ మాత్రమే తీసుకున్నాం. తప్పు పూర్తిగా మాది. అనిశ్చితిని లెక్కలోకి తెచ్చి మళ్ళీ నడిపితే మొదట కనిపించిన స్పష్టత మిగల్లేదు.

అంచనాలు పక్కనపెట్టి అసలు సర్వేల గినీలు వరసగా రాసుకున్నాం. గృహ ఆదాయం మీద 1990/91లో 0.47, 1995/96లో 0.46, 2002లో 0.47, 2006/07లో 0.49, 2009/10లో 0.49, 2012/13లో 0.48, 2016లో 0.45. ఇరవై ఐదేళ్ళలో కదలిక అంతే. ఆ కాలంలో ఒక దేశాధ్యక్షుడు హత్యకు గురయ్యాడు, సెంట్రల్ బ్యాంక్ భవనాన్ని పేల్చేశారు, ఒక కాల్పుల విరమణ వచ్చి పోయింది, యుద్ధం 2009 మేలో రక్తపాతంతో ముగిసింది. గినీ మాత్రం 0.45కూ 0.49కూ మధ్యే తిరిగింది. ఇంత పెద్ద యుద్ధం కనిపించని కొలతలో అసలు ఏముందని ఆ టేబుల్ ముందు కూర్చుని అడగక తప్పలేదు.

మ్యాప్ మీద ఖాళీ

జవాబు సర్వే నివేదికల మొదటి పేజీల్లోనే ఉంది. అందరూ దాటేసే ‘కవరేజ్’ అన్న చిన్న పేరాలో. 1990/91, 1995/96, 2002 సర్వేలు ఉత్తర, తూర్పు రాష్ట్రాలకు వెళ్ళలేదు. 2006/07లో తూర్పు చాలావరకు కలిసింది గాని ఉత్తర రాష్ట్రం మొత్తం, తూర్పున ట్రింకోమలీ జిల్లా మిగిలిపోయాయి. 2009/10లో మన్నార్, కిలినొచ్చి, ములైతీవు జిల్లాలు లేవు. దేశంలోని 25 జిల్లాలూ కలిసిన మొదటి సర్వే 2012/13. అప్పటికి యుద్ధం ముగిసి మూడేళ్ళు దాటింది.

సర్వే వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. బాంబులు పడుతున్న చోటికి ప్రశ్నావళి పట్టుకుని ఎవరినీ పంపలేరు. తప్పు ఆ డేటా వాడుకున్న మాది. యుద్ధం ఆదాయాలను ఏం చేసిందో కొలవడానికి, యుద్ధం జరిగిన చోటును వదిలేసిన లెక్కను తీసుకున్నాం. మేం రాసిన వాక్యంలో ‘శ్రీలంకలో అసమానత’ అని ఉంది. నిజానికి అది సైన్యానికి మనుషుల్ని పంపిన ప్రాంతాల్లోని అసమానత. ఆ సైన్యం పోరాడిన ప్రాంతాల్లోది కాదు.

2012/13లో ఆ జిల్లాలు లెక్కలోకి వచ్చేసరికి ఏం కనబడిందో చూడండి. దేశం మొత్తంలో పేదరికం 6.7 శాతం. కొలంబో జిల్లాలో 1.4 శాతం. ములైతీవులో 28.8 శాతం. మన్నార్‌లో 20.1 శాతం. 2016కు దేశ సగటు 4.1 శాతానికి దిగింది, కొలంబోలో 0.9కి చేరింది. కిలినొచ్చిలో మాత్రం 18.2 శాతం. అయితే అదే 2012/13 పట్టికలో మొనరాగల జిల్లా 20.8 శాతంతో ఉంది. అది ఉత్తరాన లేదు. కాబట్టి వెనుకబాటుకు యుద్ధమొక్కటే కారణమని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది.

ఇక్కడ మేం ఇంకో తొందరపాటు చేయబోయాం. ‘ఆ జిల్లాలు కలిసి ఉంటే గినీ చాలా ఎక్కువగా వచ్చేది’ అని రాసేశాం కూడా. జనాభా లెక్క చూసి ఆ వాక్యం కొట్టేశాం. 2012 జనగణనలో దేశ జనాభా 2 కోట్ల 3 లక్షల పైచిలుకు. ఉత్తర రాష్ట్రం మొత్తం కలిపి పది లక్షల అరవై వేలు, అంటే వందలో అయిదుగురు. ములైతీవు జిల్లా లక్ష కూడా లేదు. ఇరవై మందిలో ఒకరు ఎంత పేదవారైనా జాతీయ గినీ పెద్దగా కదలదు. నిజంగానే, అన్ని జిల్లాలూ చేరిన తర్వాతి సర్వేలో గినీ 0.49 నుంచి 0.48కి దిగింది.

మా పని మలుపు తిరిగింది ఇక్కడే. ఖాళీ పూడ్చినా కొలత బాగుపడదు. ఒక చిన్న ప్రాంతం మీద పెద్ద దెబ్బ పడితే అది జాతీయ గినీలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. పైగా ఊరు వదిలి విదేశాలకు వెళ్ళిపోయిన కుటుంబాలు ఏ సర్వేలోనూ ఉండవు. ఆదాయపు గినీ కట్టేది చేతికొచ్చిన రూపాయల మీద. 2006 ఆగస్టులో జాఫ్నాను దక్షిణాదితో కలిపే ఏ9 రోడ్డు మూసేశాక జాఫ్నా ద్వీపకల్పానికి సరుకులు ఓడల్లోనే రావాల్సి వచ్చింది. అక్కడి రూపాయికి, కొలంబోలోని రూపాయికి కొనే శక్తిలో ఉన్న తేడాను ఆ గినీ చూపించదు.

అంటే క్లయింట్ అడిగిన ‘ఒక్క అంకె’ ఉన్నా కూడా అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. కొలత మార్చుకోవాలి. ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి, ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు అన్నది దారి వెంట వెళ్ళి చూడాలి.

దాడుల లెక్కలోనూ ఒక ఖాళీ

ఉగ్రవాదం డేటాలో ఇలాంటి కథే ఇంకొకటి ఉంది, క్లుప్తంగా చెబుతాను. గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ 1970 నుంచి మొదలవుతుంది. అందులో 1993 ఏడాదికి ఘటనల వారీ రికార్డులు లేవు. పాత సేకరణ ఆఫీసు మారుతున్నప్పుడు ఆ ఏడాది కాగితాలు పోయాయి. శ్రీలంకలో 1993 ఏప్రిల్‌లో మాజీ మంత్రి లలిత్ అతులత్‌ముదలిని కాల్చి చంపారు. ఎనిమిది రోజులకు, మే 1న అధ్యక్షుడు రణసింఘె ప్రేమదాస ఆత్మాహుతి దాడిలో చనిపోయాడు. ఆ ఏడాదే మా సిరీస్‌లో మాయమైంది. చాలామంది అక్కడ సున్నా పెడతారు, లేదా పక్క ఏళ్ళ సగటు పెడతారు. మేం సగటు పెట్టాం.

ఇంకో పరిమితి మరింత లోతైనది. ఆ డేటాబేస్ ప్రభుత్వేతర శక్తుల దాడులనే లెక్కిస్తుంది. 1987 నుంచి 1989 దాకా దక్షిణాన సింహళ యువకులు ఎక్కువగా ఉన్న వామపక్ష సంస్థ జేవీపీ తిరుగుబాటు సమయంలో జేవీపీ చేసిన హత్యలు అందులోకి వస్తాయి. దాన్ని అణచేటప్పుడు మాయమైపోయిన వేలమంది యువకులు రారు. ఒక ఇంటికి సంపాదించే కొడుకు లేకుండా పోతే, తీసుకుపోయింది ఎవరన్నదాన్ని బట్టి ఆ ఇంటి ఆదాయం మారదు. దాడుల సంఖ్యను ‘హింస ప్రభావం’ అని పేరు పెట్టి వాడకూడదని ఆ రోజు నుంచి మా టీమ్‌లో నియమం పెట్టుకున్నాం.

జీతం దారి

సైనిక వ్యయం అసమానతను పెంచుతుందా, తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధనల్లో రెండు రకాల జవాబులూ దొరుకుతాయి, సంబంధమే లేదన్నవీ దొరుకుతాయి. మొదట్లో ఇది నాకు గందరగోళంగా అనిపించేది. ఇప్పుడు అలా ఉండటమే సహజమనిపిస్తోంది. ‘సైనిక వ్యయం’ అన్నది ఒకే వస్తువు కాదు. ఒకే మొత్తంతో ఒక దేశం ఎక్కువమంది సైనికుల్ని పెట్టుకోవచ్చు, ఇంకో దేశం కొద్దిమందిని పెట్టుకుని ఖరీదైన యంత్రాలు కొనొచ్చు. మొదటిదాంట్లో డబ్బు పెద్దగా చదువు లేని కుటుంబాల చేతికి జీతంగా వెళుతుంది. రెండోదాంట్లో ఇంజినీర్లకు, కంపెనీలకు, లేదా నేరుగా విదేశాలకు వెళుతుంది. జీడీపీలో శాతం ఒకటే అయినా ఆదాయాల మీద ప్రభావం పూర్తిగా వేరు.

శ్రీలంక ముఖ్యంగా మొదటి దారిలో నడిచింది. 1983లో యుద్ధం మొదలయ్యేటప్పటికి సైన్యం 12 వేలకు అటూ ఇటూ. యుద్ధం ముగిసేసరికి 2 లక్షల స్థాయికి చేరింది. జీడీపీలో రక్షణ ఖర్చు 1990ల మధ్యలో 5 శాతం దరిదాపులకు వెళ్ళింది. ఈ సైనికుల్లో అత్యధికులు సింహళ గ్రామీణ కుటుంబాల పిల్లలు. అనురాధపుర, కురునేగల వంటి జిల్లాల్లో చిన్న కమతం, చెరువు కింద వరి, వాన పడితే పంట. అలాంటి ఇంట్లో ఒక కొడుకు సైన్యంలో చేరితే నెలనెలా జీతం వస్తుంది, సర్వీసు నిండితే పెన్షన్, చనిపోతే కుటుంబానికి పరిహారం.

దీన్ని 1977 తర్వాతి కథతో కలిపి చూడాలి. ఆ ఏడాది నుంచి ఆర్థిక వ్యవస్థ తలుపులు తెరిచారు, సబ్సిడీలు తగ్గాయి, కొత్త ఉద్యోగాలు ఎక్కువగా పశ్చిమ రాష్ట్రంలో వచ్చాయి. 2000ల మొదట్లో దేశ జీడీపీలో దాదాపు సగం ఆ ఒక్క రాష్ట్రానిదే. మార్కెట్ గ్రామానికీ నగరానికీ మధ్య దూరం పెంచుతుంటే, సైనికుడి జీతం ఆ దూరాన్ని కొంత పూడ్చింది. ఎవరూ ప్రణాళిక వేసి చేసింది కాకపోయినా, యుద్ధం దక్షిణాది పేద గ్రామాలకు అతిపెద్ద ఉపాధి పథకంగా మారింది.

ఈ మాట రాసేటప్పుడు నా చేయి ఆగింది. జీతం అన్నామంటే దాని వెనక ప్రాణం ఉంది. ఆ ఊళ్ళలో జీతం వచ్చే ఇళ్ళతో పాటు శవపేటికలు వచ్చిన ఇళ్ళున్నాయి, కాళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చిన కొడుకులున్నారు. పెన్షన్‌కు కావాల్సిన కనీస సర్వీసు నిండకముందే గాయపడిన సైనికులు 2016లో కొలంబో వీధుల్లో పెన్షన్ కోసం ధర్నా చేయాల్సి వచ్చింది. సర్వేలో వాళ్ళ ఆదాయం ఒక అంకె. ఆ ఆదాయం కోసం వాళ్ళు చెల్లించిన ధర ఏ కాలమ్‌లోనూ లేదు.

ఇప్పుడు రెండు వైపులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకవైపు సైనికుల ఇళ్ళకు డబ్బు చేరి, సర్వే వెళ్ళిన జిల్లాల్లో అంతరం పెరగకుండా ఆగింది. ఇంకోవైపు అదే ఖర్చుతో నడిచిన యుద్ధం ఇళ్ళు, పడవలు, తోటలు, బడులు పోగొట్టిన జిల్లాల్లో సర్వే లేదు. ఒక గీతకు ఇటు తగ్గించి అటు పెంచిన ఖర్చులో మా గినీ ఇటువైపే చూసింది. అయినా మా మొదటి మోడల్ ‘పెరుగుతుంది’ అని చెప్పింది. సరైన దిశ తప్పు కారణంతో వచ్చిందో, అసలు దిశే తప్పో ఆ మోడల్ నుంచి తేల్చే మార్గం లేదు.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది

ఖర్చు వైపు చూసి వసూలు వైపు చూడకపోతే లెక్క సగమే. శ్రీలంకలో చాలా ఏళ్ళపాటు పన్నుల ఆదాయంలో దాదాపు 80 శాతం పరోక్ష పన్నులే. 1991లో యుద్ధం కోసమే డిఫెన్స్ లెవీ చట్టం తెచ్చారు. అదే తర్వాత నేషనల్ సెక్యూరిటీ లెవీ అయింది. 2002లో వ్యాట్ వచ్చినప్పుడు అందులో కలిసిపోయింది. అమ్మకాల మీద పడే పన్ను చివరికి కొనేవాళ్ళ మీదే పడుతుంది. సంపాదనంతా ఖర్చైపోయే ఇంటి మీద దాని భారం ఎక్కువ. కాబట్టి అనురాధపుర ఇంటికి కొడుకు జీతంగా వచ్చిన డబ్బులో కొంత భాగం, కొడుకు సైన్యంలో లేని పక్కింటివాళ్ళు కొన్న సామాన్ల మీద పన్నుగా పోయిందే. తేయాకు తోటల్లో పనిచేసే మలయక తమిళ కుటుంబాల సంగతి మరీ అన్యాయం. సైన్యంలో ఉద్యోగాలు వాళ్ళ దాకా రాలేదు, పన్ను మాత్రం వచ్చింది.

ఆయుధాల కొనుగోలు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. యుద్ధ విమానాలు ఇజ్రాయెల్ నుంచో మరో దేశం నుంచో రావాల్సిందే. ఆ డబ్బు దేశంలో ఎవరికీ జీతం కాదు. అప్పు తెచ్చి కొంటే వడ్డీ రూపంలో తర్వాతి తరం పన్నుల్లో కనబడుతుంది.

విద్య మీద ఖర్చు జీడీపీలో 2 శాతం చుట్టుపక్కలే ఆగిపోయిందన్నది నిజం. దానికి రక్షణ ఖర్చే కారణమని మొదటి డ్రాఫ్ట్‌లో తేల్చి రాశాం. తర్వాత తీసేశాం. ఎందుకంటే యుద్ధం ముగిశాక, జీడీపీలో రక్షణ వాటా 2 శాతం దరిదాపులకు దిగిన ఏళ్ళలో కూడా విద్య వాటా దూకలేదు. ప్రభుత్వ ఆదాయమే జీడీపీతో పోలిస్తే పడిపోతూ వచ్చింది. రక్షణలో మిగిలింది తనంతట తాను బడికి వెళ్ళదు. ఎవరో నిర్ణయించి పంపాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. 2009 తర్వాత ‘రక్షణ ఖర్చు తగ్గింది’ అనే గ్రాఫ్ చాలా నివేదికల్లో ఉంటుంది. తగ్గింది జీడీపీలో శాతం. జీడీపీ పెరిగింది కాబట్టి శాతం తగ్గింది. రూపాయల్లో బడ్జెట్ మొత్తంమీద పెరుగుతూ వచ్చింది, ఎందుకంటే సైన్యం సంఖ్య అలాగే ఉంది, జీతాలు, రేషన్, యూనిఫాంలు ఏటా కావాలి. మా మోడల్ ఆ శాతాన్ని చూసి ‘సైనిక వ్యయం తగ్గింది, గినీ కూడా తగ్గింది’ అని జత కలిపింది. అక్కడ ఎవరి జీతమూ తగ్గలేదు.

దాడి ఎవరి ఆదాయం మీద పడుతుంది

1996 జనవరి 31న సెంట్రల్ బ్యాంక్ మీద దాడిలో 91 మంది చనిపోయారు. 2001 జులై 24న కొలంబో దగ్గరి కటునాయక విమానాశ్రయం మీద దాడి జరిగింది. విమానాలు కాలిపోయాయి, ఓడలకు, విమానాలకు యుద్ధ బీమా ప్రీమియం ఎగబాకింది, పర్యాటకులు ఆగిపోయారు. కరువు, ప్రపంచ మాంద్యం తోడై ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. స్వాతంత్ర్యం తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

పర్యాటకం లెక్కల్లో ఈ దెబ్బ స్పష్టంగా కనిపిస్తుంది. 1982లో 4 లక్షల 7 వేల మంది పర్యాటకులు వచ్చారు. 1989 నాటికి 1 లక్షా 85 వేలకు పడిపోయారు. 2018లో 23 లక్షల 33 వేలు. 2019లో, అంటే ఏప్రిల్ 21న చర్చిలు, హోటళ్ళ మీద ఈస్టర్ బాంబు దాడులు జరిగిన ఏడాది, 19 లక్షల 14 వేలు. పెద్ద హోటల్ గ్రూపు యజమానికి నష్టమే, కానీ బ్యాంకు లోను వాయిదా వేయించుకోగలడు. దినసరి గైడ్, త్రీవీలర్ డ్రైవర్, రెండు గదులు అద్దెకిచ్చే కుటుంబం అలా చేయలేరు. ఇది అసమానతను పెంచే దారి. అయితే పెద్ద ఆదాయాలు కూడా అదే ఏడాది పడిపోతాయి కాబట్టి గినీ మీద నికర ప్రభావం రెండు వైపులా వెళ్ళొచ్చు. అందరూ నష్టపోయి గినీ తగ్గిన ఏడాదిని ‘సమానత్వం పెరిగింది’ అని రాసిన నివేదికలు నేను చూశాను. దయచేసి అలా రాయొద్దు.

ఉత్తరాన పరిస్థితికి పర్యాటకంతో సంబంధం లేదు. సముద్రంలోకి వెళ్ళే దూరం మీద, వేళల మీద ఆంక్షలతో చేపల వేట దెబ్బతింది. జాఫ్నా ద్వీపకల్పంలోని పలాలి సైనిక స్థావరం చుట్టూ హై సెక్యూరిటీ జోన్ కోసం 1990 నుంచి ఖాళీ చేయించిన భూముల్లో సారవంతమైన సాగుభూమి ఉంది. ఆ రైతుల్లో చాలామంది రెండు దశాబ్దాలకు పైగా శిబిరాల్లో, బంధువుల ఇళ్ళలో గడిపారు. యుద్ధం ముగిశాక సైన్యం తానే పొలాలు నడిపింది, రిసార్టు నడిపింది. జీతం ప్రభుత్వం నుంచి అందే మనిషి పండించిన కూరగాయలతో, అప్పు చేసి పండించిన రైతు పోటీపడాలి. రక్షణ ఖర్చు శాంతికాలంలో ఒక జిల్లా మార్కెట్‌ను ఎలా మార్చగలదో చూపించే ఉదాహరణ ఇది. ఏ జాతీయ సిరీస్‌లోనూ దొరకదు.

తిరగేసి చూస్తే

అసమానత ఉగ్రవాదానికి దారి తీస్తుందా అన్నది క్లయింట్ అడగలేదు. కానీ అడగకుండా ముందుకు వెళ్ళలేం. కారణం అటు నుంచి ఇటు కూడా ప్రవహిస్తే మా మోడల్ మొత్తం కూలిపోతుంది.

సెంట్రల్ బ్యాంక్ పాత సర్వేల ప్రకారం గినీ 1953లో 0.46, 1973లో 0.35. అంత తక్కువ స్థాయి శ్రీలంక తర్వాత ఎన్నడూ చూడలేదు. జేవీపీ మొదటి సాయుధ తిరుగుబాటు 1971 ఏప్రిల్‌లో వచ్చింది, అంటే అసమానత తగ్గుతున్న కాలంలో. ఉచిత విద్యతో చదువుకుని, ఉద్యోగం దొరకని గ్రామీణ యువకులు అందులో ముందున్నారు. అదే దశకంలో యూనివర్సిటీ ప్రవేశాలకు తెచ్చిన, మార్కులను భాష, జిల్లా వారీగా సర్దే ‘స్టాండర్డైజేషన్’ విధానం తమిళ విద్యార్థుల్లో తీవ్రమైన అన్యాయ భావన కలిగించింది. జాతీయ గినీ సంతృప్తికరంగా ఉన్న ఆ రోజుల్లోనే రెండు వైపుల యువత మనసులు విరిగాయి. 1983 జులైలో తమిళుల మీద జరిగిన హింస తర్వాత ఎల్‌టీటీఈలో చేరడానికి క్యూ కట్టిన కుర్రాళ్ళను ఆదాయ పట్టిక చూసి ఊహించలేం.

2019 ఈస్టర్ బాంబర్లలో ఇద్దరు కొలంబోలో సంపన్న మసాలా వ్యాపారి కొడుకులు. పేదరికం మనిషిని బాంబు దగ్గరికి తీసుకెళుతుందన్న వాదనకు ఆ ఒక్క వాస్తవం చాలు ఇబ్బంది పెట్టడానికి. వ్యక్తుల మధ్య ఆదాయ తేడా వేరు, సమూహాల మధ్య తేడా వేరు. ఉద్యోగం, భాష, భూమి, యూనివర్సిటీ సీటు సమూహాన్ని బట్టి దొరుకుతాయన్న నమ్మకం పుడితే, అది గినీ ఎంత ఉన్నా పనిచేస్తుంది.

చివరికి ఇచ్చిన నివేదిక

గడువు రెండు వారాలు పెంచమని అడిగాం, ఒప్పుకున్నారు. జాతీయ గినీ మీద మోడల్‌ను అనుబంధంలోకి పంపి, అది ఎందుకు నమ్మదగింది కాదో పక్కనే రాశాం. ప్రధాన భాగంలో జిల్లాల వారీ పేదరికం, ఆదాయం, ఉపాధి పెట్టాం. రక్షణ ఖర్చును జీతాలు, కొనుగోళ్ళు, నిర్మాణం అని విడగొట్టాం. పన్నుల వైపు ఒక పూర్తి అధ్యాయం ఇచ్చాం.

బడ్జెట్ తగ్గిస్తే అసమానత తగ్గుతుందా అన్నదానికి మా జవాబు సైన్యం ఎలా తగ్గుతుందన్న దాని మీదే ఆధారపడింది. కొనుగోళ్ళు, కొత్త నిర్మాణాలు ఆపితే పేద ఇళ్ళ మీద దెబ్బ దాదాపు ఉండదు. చేతిలో నైపుణ్యం లేని యువకుల్ని ఒక్కసారిగా పంపేస్తే అనురాధపుర, మొనరాగల వంటి జిల్లాల్లో ఆదాయాలు పడిపోతాయి, అసమానత కొంతకాలం పెరగొచ్చు. కొత్త నియామకాలు ఆపి, పదవీ విరమణలతో సంఖ్య తగ్గనిస్తూ, ఉన్నవాళ్ళకు నర్సింగ్ సహాయం, నిర్మాణం, యంత్రాల రిపేరు లాంటి పనుల్లో శిక్షణ ఇవ్వాలని రాశాం. ఉత్తరాన సైన్యం చేతిలో మిగిలిన పౌరుల భూమి తిరిగివ్వడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. మేం చూసిన మార్గాలన్నింటిలో ఖర్చు అతి తక్కువై, ఫలితం నేరుగా అతి పేద జిల్లాలకు చేరేది అదే. సిఫార్సుల్లో దాన్ని మొదట పెట్టాం.

చర్చలో ఎక్కువసేపు నలిగింది మాత్రం ఒక పట్టిక. అడ్డంగా సర్వే సంవత్సరాలు, నిలువుగా 25 జిల్లాలు. జాఫ్నా, కిలినొచ్చి, ములైతీవు, మన్నార్, వవునియా వరసల్లో మొదటి నాలుగు గళ్ళు ఖాళీ. క్లయింట్ వైపు ఎడిటర్ గారు మర్యాదగానే అడిగారు, “ఆ వరసలు తీసేస్తే పేజీ నీట్‌గా ఉంటుంది కదండీ?” అని. ఆవిడ అడిగింది పేజీ అందం గురించే, ఇంకేమీ లేదు. ఆ కొత్తగా చేరిన అమ్మాయి ఒప్పుకోలేదు. ప్రతి ఖాళీ గడిలో ‘సర్వే జరగలేదు’ అని చిన్న అక్షరాల్లో టైప్ చేసి మళ్ళీ పంపింది. నివేదిక అలాగే అచ్చయింది.